సంతకం చెల్లని రోజు

మన ఇళ్లలో చావు మాట ఎత్తితే చాలు, "తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, ఆ మాటలు ఇప్పుడెందుకు" అని నోరు నొక్కేస్తారు. అయినా చావుకి సంబంధించిన కాగితాలు మాత్రం ఎంతో కొంత రాస్తూనే ఉన్నాం. ఎల్ఐసీ ఏజెంటు పట్టుబట్టి నామినీ పేరు రాయిస్తాడు. బ్యాంకు వాళ్లూ అడుగుతారు. 2025 నవంబరు 1 నుంచి ఒక్కో ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకునే వీలు కూడా వచ్చింది. ఊళ్లో నాలుగెకరాలున్న పెద్దాయన వీలునామా రాసి బీరువా లోపలి అరలో దాచుకుంటాడు. ఇవన్నీ మనిషి పోయాక పనికొచ్చే కాగితాలు. మనిషి పోలేదు, కానీ సంతకం పెట్టలేడు. అప్పుడేం చేస్తారు? ఆ రోజుకి అక్కరకొచ్చే కాగితం మన బీరువాల్లో ఉండదు. నిజం చెప్పాలంటే మన చట్టాల్లోనూ దానికి సరైన జవాబు లేదు.

ఒక ఇంటిని ఊహించుకుందాం. కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాటు, ఇంకా తీరని హోమ్‌లోను. ఇంటాయనకు నలభై ఆరేళ్లు, ప్రైవేటు కంపెనీలో మేనేజరు. కూతురు ఇంటర్ రెండో ఏడాది, హాస్టల్లో ఉంటుంది. కొడుకు ఎనిమిదో తరగతి. తెనాలిలో అమ్మానాన్నా ఉంటారు. నాన్న రిటైర్డ్ టీచరు, పార్కిన్సన్స్‌తో చెయ్యి వణుకుతుంది. అమ్మకి షుగరు, మోకాళ్ల నొప్పులు. నాన్న మందులు ప్రతి నెలా ఆన్‌లైన్లో తెప్పించేది కొడుకే. నాన్న పెన్షను ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరూ కొడుకుదే. హాస్టల్ ఫీజు, ఈఎంఐ, తెనాలి ఇంటి కరెంటు బిల్లు, అమ్మకి చూపిస్తున్న డాక్టరు అపాయింట్‌మెంటు అన్నీ ఆ ఒక్క ఫోన్లోంచే నడుస్తాయి.

ఒక రోజు పొద్దున ఆయన స్నానాలగదిలో కూలబడ్డాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. ఆపరేషను బాగానే జరిగిందన్నారు, స్పృహ మాత్రం రాలేదు. మూడో రోజున ఆస్పత్రి వాళ్లు ఇన్సూరెన్సు పరిధి దాటిందని, డబ్బు కట్టమని చెప్పారు. ఎఫ్‌డీలు ఆయన ఒక్కడి పేరునే ఉన్నాయి. ముఖం చూపిస్తే తెరుచుకునే ఫోను భార్య చేతిలోనే ఉంది. ఆ ముఖం నిండా గొట్టాలు, ప్లాస్టర్లు. తెనాలిలో నాన్నకి మందులు అయిపోవస్తున్నాయి, ఓటీపీ వచ్చే ఫోను హైదరాబాదులో తాళం వేసి ఉంది. నామినీగా తన పేరుంది కదా అని భార్య బ్యాంకుకెళ్తే, మేనేజరు మర్యాదగానే చెప్పాడు: "అమ్మా, నామినీకి హక్కు వచ్చేది సారు పోయాకండీ."

ఇలాంటి ఇల్లు మీ వీధిలోనూ ఉండే ఉంటుంది. పైన కన్నవాళ్లు, కింద కన్నబిడ్డలు, నడుమ అడకత్తెరలో పోకచెక్కలా నలభై, యాభైల్లో ఉన్న తరం. ఈ నడిమి మనుషులు అమ్మానాన్నల కాగితాల గురించి ఆలోచిస్తారు, పిల్లల చదువుకు పాలసీలు కడతారు. రెండు వైపులా బరువు మోస్తున్నది తామేనని, తాము పడిపోతే రెండూ పడతాయని మాత్రం లెక్కలో వేసుకోరు.

జీపీఏ ఉందిగా!

ఈ మాట నలుగురిలో అంటే ఠక్కున వచ్చే సమాధానం ఒకటే: "జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసేసుకుంటే సరి!" చదువుకున్నవాళ్లూ అదే అంటారు, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు బల్లలేసుకున్న డాక్యుమెంట్ రైటర్లలోనూ కొందరు అదే అంటారు. కానీ అది సరిపోదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 201వ సెక్షను ఒకటుంది. అధికారం రాసిచ్చిన మనిషి చనిపోయినా, మతి కోల్పోయినా ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. రాసుకున్న కాగితం అవసరం పడిన రోజునే చిత్తుకాగితం అవుతుందన్నమాట.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయినా, మాట ముద్దగా వస్తున్నా, ఏం జరుగుతోందో ఆయనకు తెలుస్తున్నంత కాలం జీపీఏ చెల్లుతుంది. శరీరానికి వచ్చిన ఇబ్బందిని జీపీఏ తీరుస్తుంది, మెదడుకు వచ్చిన ఇబ్బందిని తీర్చలేదు. అందుకని జీపీఏ దండగ అని నేననను. మోకాళ్లు కదలని తల్లికి, ఊరు దాటలేని తండ్రికి అది ఎంతో మేలు చేస్తుంది. ఆస్తి పనుల కోసమైతే నోటరీ ముద్రతో సరిపెట్టుకోకుండా సబ్ రిజిస్ట్రారు ముందే చేయించుకోవాలి. ముసలివాళ్లు ఆఫీసుకు రాలేకపోతే తగిన కారణం చూపి అర్జీ పెట్టి, ఫీజు కట్టి, అధికారినే ఇంటికి పిలిపించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో దీన్ని ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. ఇలాంటి వీలుందని తెలియక తల్లిని కుర్చీతో సహా మెట్లెక్కించి మోసుకెళ్లిన కొడుకులు ఎందరో!

201వ సెక్షనులో చాలామంది చూడని ఇంకో సగం ఉంది. అధికారం ఇచ్చినవాడికే కాదు, పుచ్చుకున్నవాడికి మతి పోయినా ఆ అధికారం రద్దే. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకు, గుంటూరులో ఉన్న నాన్న పేరిట జీపీఏ పంపి నిశ్చింతగా ఉంటాడు. నాన్న వయసు డెబ్భై ఎనిమిది. మొన్న పక్కింటాయన్ని పట్టుకుని రెండుసార్లు పేరడిగాడు. దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి మతిమరుపు జబ్బు ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా కట్టింది. నాన్న ఆ లెక్కలో చేరిన రోజున కొడుకిచ్చిన కాగితానికీ కాలం చెల్లినట్టే. కాబట్టి విదేశాల్లో ఉన్నవాళ్లు నాన్న పేరుతో పాటు తమ ఈడువాళ్లెవరికైనా, తోబుట్టువుకో నమ్మకమైన బావమరిదికో విడిగా మరో జీపీఏ ఇచ్చి ఉంచడం తెలివైన పని. అది అక్కడి భారత కాన్సులేటులో చేయించాలి, ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. కవరులో అలాగే పడేసి ఏడాది తర్వాత బయటికి తీస్తే తిప్పలు తప్పవు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ తెలుసు. రాసిన మనిషికి స్పృహ పోయినా నిలబడే కాగితం అది. అక్కడి బ్యాంకులో అది చెల్లుతుంది కదా అని ఇక్కడ మియాపూర్ ఫ్లాటుకూ చెల్లుతుందనుకుంటే పొరపాటు. ఇక్కడ అడ్డుపడేది మన 201.

ఏ కోర్టుకని వెళ్లాలి?

కాగితం లేనప్పుడు కోర్టే దిక్కు. ఏ కోర్టుకి వెళ్లాలన్నదే అసలు చిక్కు. మైనరు పిల్లల కోసం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి కొన్ని వైకల్యాలకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. 1987 మానసిక ఆరోగ్య చట్టంలో, మతి కోల్పోయిన మనిషి ఆస్తిని చూసుకోవడానికి జిల్లా కోర్టు ఒక మేనేజరును నియమించే అధ్యాయం ఉండేది. 2018 మే నెల నుంచి దాని స్థానంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. రోగి గౌరవం, హక్కుల విషయంలో అది చాలా మంచి చట్టం. వైద్యం గురించి మాట్లాడింది, ఆస్తి గురించి మాట్లాడలేదు. పాత చట్టంతో పాటే ఆ అధ్యాయమూ పోయింది, దాని బదులు ఏదీ రాలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 14వ సెక్షను కింద పరిమిత సంరక్షకుణ్ని అడగొచ్చు. కానీ సంరక్షకుడు, ఆ మనిషి కలిసి ఆలోచించుకుని నిర్ణయాలు తీసుకోవాలన్నది దాని ఉద్దేశం. కళ్లు తెరవని మనిషితో కలిసి ఆలోచించేదెలా?

ఈ ఖాళీని ఇప్పటికి పూడుస్తున్నవి హైకోర్టులే. తమను తాము చూసుకోలేని పౌరులకు రాజ్యమే తల్లీతండ్రీ అన్న సూత్రంతో, రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ పిటిషన్లు విని, భార్యనో కొడుకునో సంరక్షకులుగా నియమిస్తున్నాయి. 2019 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు ఇందుకు ఒక పద్ధతి ఏర్పరిచింది. పిటిషను వేసినవాళ్లు రోగికున్న ఆస్తుల వివరాలన్నీ చెప్పాలి. న్యూరాలజిస్టు తప్పనిసరిగా ఉన్న వైద్య మండలి రోగిని పరీక్షించాలి. తహసీల్దారుకు తగ్గని రెవెన్యూ అధికారి ఇంటికొచ్చి చూసి నివేదిక ఇవ్వాలి. నియమితులైన వాళ్లు ఆర్నెల్లకోసారి హైకోర్టుకు లెక్క అప్పజెప్పాలి.

చెన్నై ఉదంతం ఇంకా గట్టిది. కోమాలో ఉన్న భర్త వైద్యానికి, ఇల్లు గడవడానికి ఆయన పేరిట ఉన్న స్థలం అమ్ముకోనివ్వమని ఒక భార్య మద్రాసు హైకోర్టును ఆశ్రయించింది. పిల్లలు కూడా ఒప్పుకున్నారు. సివిల్ కోర్టుకు వెళ్లమని ఏక సభ్య ధర్మాసనం పంపించేసింది. 2024 మేలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి, ఆమెనే సంరక్షకురాలిగా నియమించి అమ్మకానికి అనుమతిచ్చింది. మొత్తం భారం మోస్తున్న మనిషిని మళ్లీ సివిల్ కోర్టు చుట్టూ తిప్పడం సబబు కాదని చెప్పింది. న్యాయం దొరికింది, సంతోషమే. కానీ ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆడమనిషి హైకోర్టు లాయరును వెతుక్కుని, ఫీజు కట్టి, రెండు దశలు నెగ్గితే తప్ప భర్త డబ్బుతో భర్తకు వైద్యం చేయించలేకపోవడం ఏం వ్యవస్థ?

వేలిముద్రకూ వీలుంది

అన్ని దారులూ మూసుకుపోలేదు. మతి ఉండి, ఒంట్లో సత్తువ లేనివాళ్లకు బ్యాంకుల్లో ఒక వెసులుబాటు ఉంది. సంతకం పెట్టలేని, బ్యాంకుకు రాలేని ముసలివాళ్లు, రోగుల కోసం రిజర్వు బ్యాంకు ఎప్పుడో ఆదేశాలిచ్చింది. వేలిముద్రగానీ, చేతులు పనిచేయకపోతే కాలి వేలిముద్రగానీ వేసి డబ్బు తీసుకోవచ్చు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. వేలిముద్ర కూడా వేయలేని స్థితిలో చెక్కు మీద ఏదో ఒక గుర్తు పెట్టినా చాలు. ఆ డబ్బు ఎవరు పట్టుకెళ్తారో రోగే చెప్పాలి, వాళ్లనూ ఇద్దరు సాక్షులు గుర్తించాలి.

ఇది జరిగేటప్పుడు చూడండి. ఇంటికొచ్చిన ఆఫీసరు మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. కోడలు అట్ట ఒకటి తెచ్చి మామగారి చెయ్యి కింద పెడుతుంది. ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు అద్దుతారు, వణుకుతో మొదటి ముద్ర చెదిరిపోతుంది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ వేయిస్తారు. "తాతగారూ, ఈ డబ్బు ఎవరికివ్వమంటారు?" అని ఆఫీసరు గట్టిగా అడుగుతాడు. తాతగారు కొడుకు పేరు చెబుతారు. అంతే పని. చాలా బ్రాంచీల్లో కొత్తగా చేరిన సిబ్బందికి ఈ ఆదేశం ఉన్నట్టే తెలియదు. అడిగినవాళ్లకే జరుగుతుంది, కాబట్టి రాతపూర్వకంగా అడగండి. 70 దాటినవారికి ఇంటి దగ్గరే మౌలిక బ్యాంకు సేవలు అందించాలని 2017 నవంబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది కూడా.

మతి ఉన్నంతవరకే ఈ సౌకర్యాలన్నీ. అది పోయాక బ్యాంకులో మిగిలేది జాయింటు ఖాతా ఒక్కటే. అందులోనూ రకాలున్నాయి. 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని ఉంటే ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అని ఉంటే మొదటివారు పోయాకే రెండోవారికి హక్కు. మంచాన పడ్డ మనిషి విషయంలో ఈ రెండో రకం అక్కరకు రాదు. ఫారం నింపేటప్పుడు గుమస్తా ఏ గడిలో టిక్కు పెట్టాడో ఇప్పుడే పాస్‌బుక్ తీసి చూసుకోండి. ఎఫ్‌డీల్లో ఇంకో మెలిక ఉంది. ఐదర్ ఆర్ సర్వైవర్ అయినా గడువుకు ముందే తీయాలంటే ఇద్దరి సంతకాలూ అడగొచ్చు. అందుకే మొత్తం ఒకే పెద్ద ఎఫ్‌డీగా కాకుండా, ఆర్నెల్ల ఇంటి ఖర్చుకు సరిపడేంత సొమ్ము ఉమ్మడి సేవింగ్స్ ఖాతాలో ఉంచుకోవడం మంచిది. వడ్డీ కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

అందరూ చేసేది, ఎవరూ ఒప్పుకోనిది ఒకటుంది. నాన్న ఏటీఎం కార్డు, పిన్ను కొడుకు దగ్గర, ఆయన ఫోన్లో యూపీఐ కోడలి దగ్గర ఉంటాయి. బ్యాంకు నిబంధనలు దీన్ని ఒప్పుకోవు. అయినా ఇళ్లు ఇలాగే నడుస్తున్నాయి. ఇందులో దోషం ఎంచడానికి నాకు మనసు రాదు గానీ, ప్రమాదం మాత్రం చెప్పాలి. నాన్న పోయాక స్టేట్‌మెంటు తీసేది ఇంట్లో ఉండి సేవ చేసినవాళ్లు కాదు, దూరం నుంచి వచ్చిన తోబుట్టువు. "ఆ నెలలో నలభై వేలు ఎందుకు తీశావు?" అన్న ప్రశ్నకు డైపర్ల బిల్లు దాచుకోనివాళ్లు దొంగలవుతారు. ఒక నోటుబుక్కులో ఖర్చులు రాసి, నెలకోసారి ఫొటో తీసి తోబుట్టువుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. సగం కుటుంబ తగాదాలు ముందే ఆగిపోతాయి.

అమ్మానాన్నల దగ్గర ఎలా ఎత్తాలి

కాగితాలు రాయించడం కంటే ఆ మాట ఎత్తడమే కష్టం. కొడుకు అడిగితే ఆస్తి మీద కన్ను అనిపిస్తుంది, కూతురు అడిగితే "అల్లుడు అడిగించాడా?" అంటారు. ముందు మన కాగితాలు మనం రాసుకుని, "నాన్నా, నేను నా పేరిట ఉన్నవన్నీ రాసిపెట్టాను, మీరూ ఓసారి చూడండి" అని వాళ్ల ముందు పెట్టడం నాకు తెలిసిన మంచి పద్ధతి. ఆస్తి సంగతి మొదటిరోజే తీయకండి. ఆస్పత్రిలో ఎవరు నిర్ణయం తీసుకోవాలని వాళ్లనుకుంటున్నారో అడగండి. దానికి కోపగించుకునే పెద్దలు తక్కువ.

మతిమరుపు జబ్బు మొదలైనంత మాత్రాన అన్నీ అయిపోయినట్టు కాదు. కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను, 1925 వారసత్వ చట్టం 59వ సెక్షను చెప్పేదొకటే. మామూలుగా మతి నిలకడ లేని మనిషి కూడా తేటగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చు, వీలునామా రాయొచ్చు. ఆ సమయం తేటదేనని రేపు రుజువు చేయడమే కష్టం. వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా తొలిదశలో ఉన్నవాళ్ల విషయంలో డాక్టరు సర్టిఫికెట్ అదే రోజు తారీఖుతో తీసుకుని, రిజిస్టరు చేయించి, వీలైతే వీడియో తీసి ఉంచడం మేలు. వీలునామాలో ఎక్కువ వాటా రాసుకుంటున్న కొడుకు ఆ గదిలో ఉండకపోతే ఇంకా మేలు.

గిఫ్ట్ డీడ్ సంగతి వేరు. "ఎలాగూ వాడికే కదా" అని బతికుండగానే ఇల్లు కొడుకు పేరిట రాసేసే తల్లిదండ్రులు మన దగ్గర చాలామంది. కొడుకు మంచివాడే అనుకుందాం. ఆ కొడుకే రేపు స్పృహ తప్పి పడిపోతే, అమ్మానాన్నలు ఉంటున్న ఇంటిని వాళ్ల మందుల కోసం కూడా అమ్ముకోలేరు, ఎందుకంటే ఇంటి యజమాని ఐసీయూలో ఉన్నాడు. అందుకని తొందరపడి గిఫ్టు రాయకండి, తీసుకోకండి. తప్పదనుకుంటే, తమను పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాయించాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను కింద గిఫ్టును రద్దు చేయించుకోవడానికి ఆ షరతే ఆధారం. షరతు ఉందని చూపించాల్సిందేనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలంది. తీర్పులు ఎటు తిరిగినా, కాగితం మీద ఉన్న షరతు మాటే గట్టిది.

ఐసీయూ తలుపు దగ్గర

మన కుటుంబాల్లో ఒక వింత ఉంది. మంచం దగ్గర ఉండేది కోడలు, కన్సెంటు ఫారం మీద సంతకానికి పిలిచేది కొడుకుని. మందులు, మోతాదులు, ఏది పడదో ఆమెకు నోటికొచ్చు. నిర్ణయం మాత్రం బెంగళూరు నుంచి ఫోన్లో మాట్లాడే బావగారిది. ఎవరి మాట చెల్లాలో రోగే ముందుగా రాసిపెడితే ఈ గొడవ ఉండదు.

రాసిపెట్టే దారి ఉంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కోలుకునే ఆశ లేని స్థితిలో తనకు ఏ వైద్యం వద్దో మనిషి ముందుగానే రాసుకోవచ్చని తీర్పిచ్చింది. అదే లివింగ్ విల్. మొదట దాని మీద ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, దాంతో రాయడం కష్టమైపోయింది. 2023 జనవరి 24న దాన్ని సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరింపజేస్తే చాలు. తన తరఫున నిర్ణయం తీసుకునేవాళ్లు ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురి పేర్లయినా రాయొచ్చు. ఒక ప్రతి కుటుంబ సభ్యులకు, ఒకటి ఫ్యామిలీ డాక్టరుకు, ఒకటి మునిసిపాలిటీ లేదా పంచాయతీలోని అధికారికి ఇవ్వాలి. అమలు చేసేముందు ఆస్పత్రిలోని వైద్యుల బోర్డు ఒకటి, జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన వైద్యుడున్న బోర్డు ఇంకొకటి విడివిడిగా చూస్తాయి. వీలైనంతవరకు ఒక్కో బోర్డు 48 గంటల్లో తేల్చాలి. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. తెలుగు రాష్ట్రాల మునిసిపల్ ఆఫీసుల్లో ఈ కాగితం పట్టుకెళ్తే కౌంటర్లో ఉన్నవాళ్లు బిత్తరపోయినా ఆశ్చర్యం లేదు. రశీదు అడిగి తీసుకోండి.

మతిమరుపు, మానసిక జబ్బుల వైద్యానికి మాత్రం 2017 చట్టం కింద వేరే కాగితం ఉంది. ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో రాస్తూ నామినేటెడ్ రిప్రజెంటేటివ్ పేరు పెట్టొచ్చు. కోడలి పేరు, స్నేహితుడి పేరు కూడా పెట్టొచ్చు, రక్తసంబంధమే ఉండాలని లేదు.

పిల్లల వైపు

పిల్లల విషయంలో చట్టం కొంత నయం, అదీ ఒక రచయిత్రి పోరాటం పుణ్యమా అని. కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలని వెనక్కి పంపారు. ఆమె నవలా రచయిత్రి గీతా హరిహరన్. ఆమె సుప్రీంకోర్టుకెళ్తే 1999లో తీర్పు వచ్చింది. తండ్రి బతికున్నా, పిల్లల బాధ్యత చూసే స్థితిలో లేకపోతే తల్లే సహజ సంరక్షకురాలు. కాబట్టి మన కూకట్‌పల్లి ఇంట్లో స్కూలు, పాస్‌పోర్టు, పిల్లల బ్యాంకు ఖాతాల విషయంలో తల్లికి అడ్డు లేదు. పిల్లల పేరిట స్థలం ఉంటే మాత్రం దాన్ని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి తండ్రికైనా తల్లికైనా కోర్టు అనుమతి కావాలి. పన్ను తగ్గుతుందని, జాతకం బాగుందని పసిపిల్లల పేరిట ప్లాట్లు కొనేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని కొనాలి.

తల్లీతండ్రీ ఇద్దరూ ఒకే కారు ప్రమాదంలో చిక్కుకుంటే? వీలునామాలో పిల్లలకు సంరక్షకుల పేరు రాయొచ్చు, కానీ అది ఇద్దరూ పోయాకే పనిచేస్తుంది. స్పృహ లేని రోజులకు అది వర్తించదు. ఆ రోజులకు చట్టబలం లేకపోయినా, పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలో, ఏ ఖర్చుకు డబ్బు ఎక్కడుందో రాసిన ఉత్తరం ఒకటి పిన్నికో, మేనమామకో ఇచ్చి ఉంచండి. తర్వాత జిల్లా కోర్టులో సంరక్షకులను నియమించేటప్పుడు న్యాయమూర్తి ముందు అది కన్నవాళ్ల మాటగా నిలుస్తుంది.

ఇంట్లో ఆటిజంతోనో సెరిబ్రల్ పాల్సీతోనో ఉన్న బిడ్డ ఉంటే పైన చెప్పినవన్నీ రెట్టింపు అవసరం. పద్దెనిమిది నిండిన రోజు నుంచి ఆ బిడ్డ చట్టం దృష్టిలో మేజరు, తల్లిదండ్రులు తమంతట తాముగా సంరక్షకులుగా కొనసాగరు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి అర్జీ పెట్టుకుని సంరక్షణ తీసుకోవాలి. వయసు నిండగానే పెట్టేయండి. మీకు అరవై వచ్చాక పెట్టుకుందామంటే అప్పటికి మీ సంగతే ఎవరో చూడాల్సి రావచ్చు.

నడిమివాళ్ల సొంత కాగితాలు

మతి పోయినా నిలబడే కాగితం మన చట్టంలో ఒకటుంది, దాన్ని ఎక్కువమంది వాడరు. 1882 ట్రస్టుల చట్టం కింద సొంత కుటుంబ ట్రస్టు. ఇల్లు, ఎఫ్‌డీలు ట్రస్టు పేరిట మార్చి, 'నేను బాగున్నంత కాలం నేనే ట్రస్టీని, ఇద్దరు వైద్యులు నాకు నిర్ణయశక్తి లేదని రాసిస్తే నా భార్య ట్రస్టీ, ఆమె తర్వాత మా చెల్లెలు' అని రాసుకోవచ్చు. ఆస్తి ఇక ఆ మనిషిది కాదు, ట్రస్టుది, కాబట్టి 201వ సెక్షను అడ్డు రాదు. కాకపోతే స్థిరాస్తి పెడితే రిజిస్ట్రేషను, స్టాంపు ఖర్చు ఉంటుంది. ఇంటిమీద లోనుంటే బ్యాంకు ఒప్పుకోవాలి. మధ్యతరగతి జీతగాడికి ఇది ఖరీదైన దారే. ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఉన్నవాళ్లు, ఇద్దరు ముగ్గురు వృద్ధుల బాధ్యత ఉన్నవాళ్లు మాత్రం ఖర్చుకు వెనకాడకుండా మంచి లాయరుతో కూర్చోవచ్చు.

మిగిలిన వాళ్లకు చౌక దారులు చాలు. తండ్రి పెన్షను ఖాతాకు మీ నంబరు కాదు, తల్లి నంబరు ఇవ్వండి. ఫోన్లో ముఖంతో పాటు భార్య వేలిముద్ర కూడా ఎక్కించండి. బీమాలో చావుకు వచ్చే మొత్తమే కాదు, శాశ్వత వైకల్యానికి ఏమొస్తుందో చదవండి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమాలో కూడా ప్రమాదంలో రెండు కళ్లో, రెండు కాళ్లో, రెండు చేతులో పోతే 2 లక్షలు వస్తాయి. అది మీ ఖాతాలో ఉందో లేదో చూసుకోండి. అన్నిటికంటే ముందు, ఏ డబ్బు ఎక్కడుందో భార్యకు తెలియాలి. "ఆమెకెందుకు ఈ తలనొప్పి" అనేది ప్రేమ అనుకునే మగవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ప్రేమకు లెక్క తేలేది ఆస్పత్రి బిల్లింగ్ కౌంటరు దగ్గర.

ఇంతా చేసినా మిగిలిపోయే లోటు ఒకటుంది, అది ఇంట్లో తీరేది కాదు. మనకు కాంట్రాక్టు చట్టం రాసిచ్చిన ఇంగ్లండే, మతి పోతే అధికారం పోయే పద్ధతి తప్పని గుర్తించి 1985లో చట్టం చేసింది, 2005లో దాన్ని ఇంకా మెరుగుపరిచింది. వాళ్ల దగ్గర చట్టం తెచ్చుకున్న సింగపూరు 2008లో మార్చుకుంది. మన దగ్గర 1872 నాటి మాటే నడుస్తోంది. రాసిన మనిషి స్పృహ కోల్పోయినా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీ, దాని మీద నిఘాకు జిల్లా స్థాయిలో ఒక అధికారి, ఆపదలో హైకోర్టు దాకా పోకుండా జిల్లా కోర్టులోనే సంరక్షకుణ్ని నియమించే వీలు. ఈ మూడింటి కోసం పార్లమెంటు ఒక చట్టం చేయాలి. రేపు ఓటు అడగడానికి ఇంటికొచ్చిన ఎంపీ అభ్యర్థిని రోడ్డు, డ్రైనేజీతో పాటు దీని గురించీ అడగండి.